రెండు ముడుల ముక్క

ఎవరైనా చేతికి కవరు ఇస్తే లోపల ఏముందో వెంటనే చూడను. ముందు వెనక్కి తిప్పి, అతుకు ఎక్కడ వచ్చిందో, మూత ఏ కొలతకు కత్తిరించారో చూస్తాను. మా ఇంట్లో వాళ్ళకు ఇదొక వేళాకోళం. శుభలేఖ వస్తే పెళ్ళెవరిదో అందరికంటే ఆఖర్న నాకే తెలుస్తుంది. ఈ అలవాటు ఎక్కడిదో వాళ్ళకు ఇంతవరకూ చెప్పలేదు. చెప్పాలంటే కుదురుగా కూర్చోవాలి, ఆ పని నాకు ఎప్పుడూ చేతకాలేదు.

తొంభైల మధ్యలో సంగతి. బందరు పరాసుపేటలో అద్దె ఇల్లు. నేను ఇంటర్‌లో లెక్కలు తప్పి ఇంట్లో ఉన్నాను. నాన్న గుడ్లవల్లేరులో రైసు మిల్లులో పని చేస్తూ అక్కడే ఉండి, ఆదివారం చర్చి వేళకు వచ్చి సోమవారం తెల్లారే వెళ్ళిపోయేవారు. అమ్మ వరండాలో మిషను వేసుకుని జాకెట్లు, పరికిణీలు కుట్టేది. నాకంటూ ఒక పని లేదు, ఉన్న పని చేయబుద్ధి అయ్యేది కాదు. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేదాన్ని. వచ్చాక ఎందుకు వెళ్ళానో నాకే తెలిసేది కాదు. మళ్ళీ వెళ్ళేదాన్ని. "నీ కాళ్ళకి చక్రాలున్నాయే" అనేది అమ్మ, మిషను ఆపకుండానే.

అమ్మకు మా పేటలో ఒక పేరుండేది. ఆమెకంటే బాగా కుట్టేవాళ్ళు బందరులో చాలామంది ఉన్నారు. మిగిలిన గుడ్డ తిరిగిచ్చే టైలరు మాత్రం ఆమే. జానెడు మిగిలినా బెత్తెడు మిగిలినా, కుట్టిన జాకెట్టు మడతలో పెట్టి ఇచ్చేది. "మాకెందుకండీ, ఉంచుకోండి" అన్నవాళ్ళవి మాత్రమే తను ఉంచుకునేది. అందుకని ఇంట్లో రెండు సంచులు ఉండేవి. ఎరువుల గోతంతో కుట్టిన సంచిలో అలా వదిలేసినవి. మేకుకు తగిలించిన నీలం గళ్ళ సంచిలో తిరిగివ్వాల్సినవి. నీలం సంచిలోకి వెళ్ళే ప్రతి ముక్కకూ ఒక మూల ముడి వేసేది. ఒక ముడి ఉంటే తిరిగివ్వాలి. రెండు ముడులుంటే తిరిగివ్వాలి, పైగా తడపకూడదు. రంగు దిగే గుడ్డలకు అలా రెండు వేసేది. చీటీ రాసి పిన్ను పెట్టొచ్చు కదా అని ఒకసారి అన్నాను.

"చీటీ ఊడిపోద్ది. ముడి ఎక్కడికి పోద్ది?" అంది.

మరీ సన్న పీలికలు, దారాలు మిషను కుర్చీ మీద ఉన్న దిండులోకి వెళ్ళేవి. ఆ దిండుకు ఒక పక్క కుట్టు వేయకుండా వదిలేసింది. రోజూ సాయంత్రం వరండా ఊడ్చి, మట్టి దులిపి, పీలికలన్నీ అందులో కుక్కేది. ఏడాదికేడాది అమ్మ కుర్చీలో కాస్త ఎత్తుగా కూర్చుంటూ వచ్చింది.

ఆ నవంబరులో గిలకలదిండి అత్త ఒక చీర తెచ్చింది. అత్త అంటే మా చుట్టం కాదు. ఎండు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వారానికోసారి గిలకలదిండి రేవు నుంచి మా వీధికి వచ్చే మనిషి. అమ్మను వదినా అని పిలిచేది, అందుకని నాకు అత్త. ఆమె చేపలమ్మే పద్ధతి చూడటం నాకు సరదా. ఎవరైనా "ఉప్పు సరిగ్గా పట్టిందా?" అని అడిగితే, చేప తోక కొస విరిచి నాలుక చివర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఉంది" అనేది. ఆ ఒక్క మాటతో బేరం తెగిపోయేది. నాకు ఎవరి మాట మీదా అంత నమ్మకం ఉండేది కాదు.

ఆమె తెచ్చింది పాత నేత చీర. వక్క రంగు, పసుపు అంచు. దివిసీమలో కాపురమున్న కూతురికి నెలలు నిండుతున్నాయని, పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టమని అడిగింది. పసిబిడ్డ కింద వేయడానికి ఇంట్లో పెద్దవాళ్ళ మెత్తటి పాత చీరే కావాలి మా వైపు.

"ఉతికి కుట్టు వదినా, పసిబిడ్డకి కదా. ఈ కొంగు మటుకు ముందే చించి పక్కన పెట్టు. అది తడపమాక. నాకు అట్టాగే కావాల" అంది.

అమ్మ ఆమె కళ్ళ ముందే కొంగు చించి, మూలన ఒకదాని పక్కన ఒకటిగా రెండు ముడులు బిగించింది. అప్పుడే తీసుకెళ్ళమంటే అత్త ఒప్పుకోలేదు. తట్టలో పెడితే చేపల నీచు అంటుతుందట, బొంతతో పాటే పట్టుకెళ్తానంది. ఎందుకు తడపకూడదో అమ్మ అడగలేదు. ఒకరి గుడ్డ గురించి ఆరా తీయడం ఆమె పద్ధతి కాదు. నేను గడప మీద కూర్చుని కాళ్ళూపుతూ, రంగు దిగుతుంది కాబోలు అనుకున్నాను.

డిసెంబరు మొదట్లో మా చర్చి అమ్మగారు, అంటే పాస్టరు అయ్యగారి భార్య, ఒక పని తీసుకొచ్చారు. మా చర్చిలో జనవరి ఒకటో తారీఖు ఉదయం ఆరాధన అయ్యాక, ఇంటికొకరు చొప్పున ముందుకు వెళ్ళి పళ్ళెంలోంచి వాగ్దానం తీసుకుంటారు. చిన్న కార్డు మీద ఒక వాక్యం రాసి ఉంటుంది. ఏది చేతికొస్తే ఆ ఏడాదంతా ఆ ఇంటికి అదే. గోడకు అతికించుకునేవాళ్ళున్నారు, దిండు కింద పెట్టుకునేవాళ్ళున్నారు. జ్వరమొచ్చినా, పరీక్షలొచ్చినా దాన్నే తీసి చదువుకుంటారు.

"ఈసారి కార్డుల్ని గుడ్డ కవర్లలో పెడదామమ్మా. పైకి చూస్తే ఏది ఏదో తెలీదు. మీ ఇంట్లో ముక్కలుంటాయి కదండీ" అన్నారు అమ్మగారు.

అమ్మ నా వైపు చూసింది. నేను అప్పటికే లేచి నిలబడ్డాను.

డెబ్బై కవర్లు కావాలి. మొదటి రెండు రోజులు నన్ను పట్టడం ఎవరి తరం కాలేదు. పాత శుభలేఖ కవరు ఒకటి అతుకులు విప్పి, అట్ట మీద గీసుకుని అచ్చు కత్తిరించాను. గోతం సంచిలో ముక్కలు ఏరి, పల్చటి గంజిలో ముంచి, పెరట్లో రేకు మీద పరిచేదాన్ని. కాస్త చెమ్మ ఉండగానే బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దితే గుడ్డ కాగితంలా నిలబడేది. అచ్చు పెట్టి కత్తిరించి, లోపల పాత నోటు పుస్తకాల కాగితం అతికించి, మడిచి, అంచులకు మైదా జిగురు పూసేదాన్ని. బొద్దింకలు తినకుండా జిగురులో నీలంగా ఉండే మైలుతుత్తం కలిపేదాన్ని. మూతకు జాకెట్టు హుక్కు. వాయిలు, పాప్లిను, నైలాను, పూలవి, గళ్ళవి, మా పేటలో ఆడవాళ్ళందరి జాకెట్లూ కవర్లై వరండాలో బారుగా ఆరుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

మూడో రోజుకు మొహం మొత్తింది. వేళ్ళకు జిగురు, గోళ్ళల్లో నీలం. వంకరగా వచ్చినవాటిని అమ్మ తీసి పక్కన పెట్టేది, ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకపోతే నాకు ఇంకా ఒళ్ళు మండేది. రోజుకు పది చేస్తానని నాలుగు చేసి, మధ్యలో వీధి చివరికి వెళ్ళొచ్చి, చివరికి ఆఖరు రోజున అరవై తొమ్మిది పూర్తయ్యాయి. ఒక్కటి తక్కువ. గోతం సంచిలో మిగిలినవన్నీ సన్నవి, అచ్చుకు సరిపోవు. అమ్మ బజారుకు వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా కవర్లు అందజేస్తామని అమ్మగారికి మాటిచ్చాం.

చూసుకోకుండా తీశానని తర్వాత కొందరితో చెప్పాను. అబద్ధం. చూసుకునే తీశాను. ఏ సంచిలో చెయ్యి పెడుతున్నానో తెలుసు, ఎవరి ముక్కో తెలుసు. పాత చీర కొంగే కదా, అత్త ఏమీ అనుకోదు, అడిగితే ఇంకో మంచి ముక్క ఇద్దాంలే అనుకున్నాను. ఒక ముడి గోళ్ళతో విప్పాను. రెండోది బిగుసుకుపోయింది. పళ్ళతో లాగినా రాలేదు. నాకు అంత ఓపికెక్కడిది? కత్తెర తీసుకుని ముడి కిందికి కత్తిరించి వరండా నేల మీద పారేశాను. రంగు సంగతి చూద్దామని ఒక అంచు తడిపి, తెల్ల గుడ్డ పెట్టి ఒత్తాను. చుక్క రంగు కూడా దిగలేదు. అమ్మకు తెలియనిది నేను కనిపెట్టానని నవ్వుకుని, ముక్క మొత్తం గంజిలో ముంచేశాను.

డెబ్బైలోకీ అదే బాగా వచ్చింది. పసుపు అంచు సరిగ్గా మూత మీద కూర్చుంది.

ఒకటో తారీఖున నేను పాటల బృందంలో నిలబడి ఉన్నాను. జనం వరసలో వచ్చి పళ్ళెంలోంచి కవర్లు తీసుకుంటున్నారు. వక్క రంగు కవరు ఎవరి చేతికి వెళ్ళిందో చూడాలని కూడా నాకు తోచలేదు. చివర్లో ఒక ఇంటివాళ్ళకు కవరు చాలక అమ్మగారు వట్టి కార్డు రాసి ఇచ్చారట. అదీ పట్టించుకోలేదు. అందరూ కవర్లు బాగున్నాయన్నారు. ఆ పొగడ్తలతో ఒక వారం గడిచింది.

రెండో వారంలో అత్త బొంత కోసం వచ్చింది. విప్పి చూసుకుని, చెంపకు ఆనించుకుని మురిసిపోయింది.

"ఇంక ఆ ముక్క ఇయ్యి వదినా."

అమ్మ కూర్చున్న చోటు నుంచే నీలం సంచిలో చెయ్యి పెట్టింది. ఇంకాస్త లోపలికి పెట్టింది. లేచి సంచి దించి నేల మీద బోర్లించింది. ఒక్కొక్క ముక్కా తీసి దులిపింది. తర్వాత గోతం సంచి కూడా బోర్లించింది. నేను మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళాను. ఎవరూ అడగలేదు. గ్లాసు పట్టుకుని తలుపు వెనకాలే నిలబడిపోయాను.

"ఎక్కడికి పోద్దిలే. నీ ఇంట్లో గుడ్డ పోద్దా వదినా? నిదానంగా చూడు" అంది అత్త.

అమ్మ వెతుకుతూనే ఉంది. కాసేపటికి అత్తే మళ్ళీ అందుకుంది.

"మా అమ్మ చీర అది. ఉప్పెనలో మడిసి దొరకలా. నాలుగో రోజున తుమ్మచెట్టుకి చుట్టుకుని చీర కనపడితే మా ఆయన ఎక్కి దించాడు. ఇన్నేళ్ళూ ఉతక్కుండా పెట్లో దాచా. ఇప్పుడు బిడ్డకి కావాలి కదా, అందుకని ఉతకమన్నా. కొంగొక్కటీ నాకు ఉంచుకుందామని. ఆ సముద్రం ఉప్పు అందులోనే ఉంది వదినా. వాన వచ్చే ముందు చెమ్మగిల్లుద్ది. చేత్తో పట్టుకుంటే తెలుస్తది."

డెబ్బై ఏడు నాటి ఉప్పెన వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. శనివారానికల్లా వెతికి పెడతానని అమ్మ మాటిచ్చింది. అత్త బొంత చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. బీరువా కింద, మంచం కింద, బియ్యం డబ్బా వెనకాల వెతికింది.

"నువ్వేమన్నా చూశావా?"

"లేదు" అన్నాను.

అబద్ధమాడింది అమ్మతోనే అయినా, భయం మాత్రం అత్త గురించి. ఆమె తిరిగి వచ్చి, "నీ ఇంట్లో గుడ్డ పోద్దా" అన్న మాటను వెనక్కి తీసుకుంటే, అమ్మకు ఈ ఊళ్ళో మిగిలేదేమిటి? నాకు కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. సోమవారం నుంచి మా చర్చి సంఘంలో ఇంటింటికీ తిరిగాను.

"జిగురు సరిగ్గా అంటిందో లేదో చూడమన్నారండీ" అని గుమ్మంలో నిలబడేదాన్ని. కవరు చూపించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు కానీ, చేతికివ్వమంటే అనుమానం. ఒకావిడ కవరును పైట చాటున పెట్టుకుని, "వాగ్దానాలు మారాయా ఏంటమ్మా?" అంది. ఇంకొకాయన తన కార్డు తనకు తెలియకుండా నేనెక్కడ మార్చేస్తానోనని పైకి చదువుతూ చూపించాడు. బుధవారానికల్లా కొందరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "మాకొచ్చింది మాదేనా అయ్యగారూ?" అని అడిగేదాకా వచ్చింది. ఒకరి ఇంటికి దేవుడిచ్చిన మాటను నేను ఊరంతా తిరిగి వెనక్కి అడుగుతున్నానని వాళ్ళ బాధ. నా బాధ గుడ్డ.

అయ్యగారికి సర్ది చెప్పలేక అమ్మగారు నన్ను పిలిపించారు. ఏం వెతుకుతున్నావని నిలదీశారు. వక్క రంగు, పసుపు అంచు అన్నాను. కారణం చెప్పలేదు.

"అదా? ఆ సందు చివర వాళ్ళల్లుడు తీసుకున్నాడమ్మా. గుడివాడ నుంచి పండగకి వచ్చి వరసలో నిలబడ్డాడు. ఊరల్లుణ్ణి వద్దంటామా? అందుకేగా మనకి ఒకటి తక్కువొచ్చింది" అన్నారు. సెంటర్లో సైకిల్ షాపు అని గుర్తులు కూడా చెప్పారు.

శుక్రవారం తెల్లవారి లెక్కల నోట్సు కోసమని అమ్మతో చెప్పి గుడివాడ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికినా నిమిషం కుదురుగా కూర్చోలేకపోయాను. పెడన దాటాక రెండుసార్లు సీటు మారాను. గుడ్లవల్లేరులో బస్సు మిల్లు ఎదురుగానే ఆగింది. నాన్న బస్తాల పక్కన నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నారు. తల కిందికి దించి, చెప్పు వెతుక్కుంటున్నట్టు బస్సు కదిలేదాకా వంగే ఉన్నాను. పక్కనున్నావిడ కూడా పాపం నాతోపాటు వంగి వెతికింది.

సైకిల్ షాపాయన మంచివాడు. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూనే సమాధానం చెప్పాడు.

"ఆ కవరా? మా అమ్మకిచ్చి వచ్చానమ్మా. కోడూరులో ఉంటది. ఈ ఏడు వాగ్దానం తనకే తెచ్చిపెట్టాలని మరీ మరీ చెప్పింది. కొడుకు దగ్గరికి రమ్మంటే రాదు గానీ, అడిగేవి మటుకు అడుగుద్ది."

కోడూరంటే దివిసీమ. అక్కడికి వెళ్ళి రావాలంటే చీకటి పడే లోపు ఇల్లు చేరడం కష్టం. ఆగి ఆలోచించి ఉంటే తిరిగి వెళ్ళిపోయేదాన్నేమో. ఆగలేదు. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, ఒక్కో ఊళ్ళో బస్సు ఆగినప్పుడల్లా డ్రైవరు టీ తాగుతున్నాడేమోనని మెడ చాచి చూశాను. పులిగడ్డ వంతెన మీద కృష్ణ కనిపించింది. అందరూ చూస్తున్నారు కదా అని నేనూ చూశాను. ఒక్కటే మాట మనసులో తిరుగుతోంది. గంజిలో ముంచినంత మాత్రాన ఉప్పు ఎక్కడికి పోతుంది, పద్దెనిమిదేళ్ళు ఉన్నది ఒక్క పూటలో పోతుందా? పోదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అవనిగడ్డలో బస్సు మారేసరికి ఆ మాట మీద నాకే నమ్మకం పోయింది.

కోడూరులో సైకిల్ షాపాయన తల్లి, ఆ మామ్మగారు, ఇంటి ముందు చేటలో మినుములు చెరుగుతున్నారు. కొడుకు దగ్గర్నుంచి వస్తున్నానంటే మంచినీళ్ళిచ్చి, అన్నం తినమన్నారు. విషయం చెప్పగానే చేట పక్కన పెట్టేశారు.

"వాగ్దానం తిరిగిమ్మంటావేంటే పిల్లా? బుద్ధుందా?"

జిగురు కథ చెప్పబోయాను. నోరు రాలేదు. ఆకలో, అలసటో, ఆవిడ ఎవరో నాకు తెలియకపోవడమో, మొదటిసారి నిజం అక్కడే చెప్పాను. ఎవరి గుడ్డో, ఎలా దొరికిందో, ఎవరి సంచిలోంచి ఎలా తీశానో చెప్పాను. చెప్తూ వాకిట్లో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నానట. "కూచోవే, కోళ్ళు బెదిరిపోతున్నాయ్" అని ఆవిడ కసిరితే కూర్చున్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి కవరు తెచ్చారు. హుక్కు విప్పి కార్డు తీసుకుని కళ్ళకద్దుకున్నారు. కవరు నాకివ్వకుండా కాసేపు చేత్తో నిమిరారు.

"ఆ వారం తుమ్మచెట్ల నిండా చీరలేనమ్మా. ఎవరివి వాళ్ళు గుర్తుపట్టుకుని తెచ్చుకున్నాం. నాకేం దొరకలా" అన్నారు. ఎవరి చీర అని అడగలేకపోయాను. కవరు నా చేతిలో పెట్టి, "దీన్ని తడిపావు కదూ?" అన్నారు. గంజి వాసన ఆవిడకు తెలిసిపోయింది. కార్డు పెట్టుకోవడానికి నా చేతిరుమాలు ఇచ్చి బయల్దేరాను.

ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. అమ్మ గుమ్మంలోనే ఉంది. గుడివాడ నోట్సు దివిసీమ దాకా ఎందుకు తిరిగిందో చెప్పక తప్పలేదు. అమ్మ కవరు తీసుకుని, బ్లేడు అంచుతో అతుకులు పొడిగానే విప్పింది. లోపలి కాగితం పొరలు పొరలుగా ఊడదీసింది. నాలుగు రెక్కలున్న ముక్క మిగిలింది. దాన్ని మోకాలి మీద పరిచి రెండు చేతులా సాపు చేసింది.

"ముడులు చూశావా?"

"చూశాను."

"చూసి కూడానా?"

నా మీద నాకే అసహ్యం వేసింది. అమ్మ ముక్కను మడిచి మిషను సొరుగులో పెట్టింది. "రేపు నేను మాట్లాడతా. సంచి మారిందని చెప్తా. నువ్వు మజ్జలో నోరెత్తమాకు" అంది. అబద్ధం చెప్తానని అమ్మ నోట వినడం నాకు అదే మొదటిసారి.

శనివారం పొద్దున్నే అత్త వచ్చింది. తట్ట అరుగు మీద దించి చెయ్యి చాచింది. అమ్మ లేచి నిలబడి ముక్క ఇచ్చింది. "సంచి మారింది వదినా. పొరపాటు నాదే. కత్తెర కూడా పడింది" అంది.

అత్త ముక్కను తిప్పి చూసింది. రెక్కల వంక, మడతల వంక చూసింది. ఎందుకిలా ఉందని అడగలేదు. మూతికి దగ్గరగా తెచ్చుకుంది. చేప తోక విషయంలో చేసినట్టే, కళ్ళు మూసుకుని నాలుక బయటపెట్టింది.

నేను ఒక్క గెంతులో వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"వద్దత్తా! నోట పెట్టొద్దు. అందులో మైలుతుత్తం ఉంది. విషం."

"నీకెట్టా తెలుసే?"

"నేనే కలిపాను. అమ్మ కాదు. సంచి మారలేదు. నీ ముక్కని తెలిసే తీశాను. గంజిలో ముంచి కవరు చేశాను. నేనే అత్తా."

అమ్మ కళ్ళు దించుకుంది. అత్త నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. కొట్టినా పడదామని ముందుకే నిలబడ్డాను. ఆమె నా వైపే చూడలేదు. ముక్క నాలుగు మూలలూ వేళ్ళతో తడుముతోంది. తడిమిందే మళ్ళీ తడిమింది.

"ముడేది?" అంది.

"రాలేదత్తా. కత్తిరించి పారేశా."

"ముంచినాకా? ముంచకముందా?"

అర్థమయ్యేలోపే, "ముందే" అన్నాను.

అమ్మ చప్పున కుర్చీ మీది దిండు లాగింది. కుట్టని వైపు పట్టుకుని వరండా మధ్యలో దులిపింది. ఏళ్ళ తరబడి కుక్కిన పీలికలు గుట్టగా పడ్డాయి. ముగ్గురం చుట్టూ చతికిలపడ్డాం. ఎర్రవి, పచ్చవి, జరీవి, దారపుండలు, మధ్యలో తెగిన బొత్తాలు, విరిగిన సూది ఒకటి నా వేలికి గుచ్చుకుంది. వక్క రంగు కనపడినప్పుడల్లా చటుక్కున లాగేదాన్ని. తీరా చూస్తే ఎవరిదో పరికిణీ. అరుగు మీద చేపల తట్ట మీద కాకి వాలినా అత్త లేవలేదు. నా జన్మలో అంతసేపు ఒకచోట కూర్చున్నది అదే.

చింతగింజంత ముడి నా చేతికే దొరికింది. వక్క రంగు, లోపల పసుపు పోగు ఒకటి. అరచేతిలో పెట్టి అత్త ముందు చాచాను. తన ఎడమ చేత్తో నా చేతిని కింద పట్టుకుంది. ముడిని తీసుకుని, దుమ్ము ఊది, నాలుక చివర పెట్టుకుంది.

కళ్ళు మూసుకుంది. అమ్మ నా భుజం పట్టుకుంది.

"ఉంది" అంది అత్త.